ఎడమ పక్క నుంచి వచ్చే వెలుగు

వేసవి మిట్టమధ్యాహ్నం ఫోటో తీయడమంటే మనిషి కళ్ల కింద రెండు గుంటలు తవ్వడమే. ముప్పయ్యేళ్లుగా మేడ మీద స్టూలేసి ఫోటోలు తీసి తను నేర్చుకున్నది అదొక్కటేనని ఫోటో మాస్టారు తనే చెప్పుకునేవాడు. జనం మాత్రం సరిగ్గా ఆ వేళకే వచ్చేవాళ్లు. అందుకని ఆయన భార్య ఎడమ పక్కన తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని నిలబడేది. ఎండ దాని మీద పడి, మెత్తబడి, మొహాల మీదికి మళ్లేది.

ఆవిడ పోయి మూడు వేసవులైంది. అట్ట అటకెక్కింది. వెలుగు మాత్రం ఎడమ పక్క నుంచి వస్తూనే ఉంది.

ఎవరూ వింతపడలేదు. "అక్కయ్యగారిని కాస్త వంచమనండి మాస్టారూ, మావాడి కళ్లు మూసుకుపోతున్నాయి" అనేది ఎదురింటి టైలరమ్మ. మాస్టారు చేత్తో సైగ చేసేవాడు. వెలుగు వంగేది.

ఒకరోజు హోంవర్కు రాస్తూ రాస్తూ పదేళ్ల కూతురు పెన్సిల్ ఆపింది.

"నాన్నా, నాకు అమ్మ మొహం గుర్తు రావట్లేదు."

"అదేంటే?"

"చేతులు గుర్తున్నాయి. మొహం దగ్గరికొచ్చేసరికి అట్ట అడ్డమొస్తోంది. ఒక్క ఫోటో చూపించవా?"

లేదు. రోజూ ముందు ఆవిడనే స్టూలు మీద కూర్చోబెట్టి, వెలుగు చూసుకోడానికి ఒక ఫోటో తీసేవాడు. సరిపోయిందనుకున్నాక చెరిపేసేవాడు, చోటు దండగని. పెళ్లాన్ని వేలసార్లు ఫోటో తీసి, ఒక్కటీ మిగల్చని ఘనుడు ఆ ఊళ్లో ఆయనొక్కడే.

మర్నాడు కెమెరా ఎడమకి తిప్పి నొక్కాడు. తెల్లటి మంట తప్ప ఏమీ పడలేదు. ఫోటోల్లో కంటిపాప మీద ఎదుటి వెలుగు పడుతుంది కదా అని పాత ఫోటోలన్నీ వెతికాడు. ప్రతి కంట్లోనూ గోరంత తెల్ల అట్టే. వెనకున్న మనిషి కనపడలేదు.

"నువ్వు కూర్చో, నేను తీస్తా" అంది కూతురు.

"నా మొహానికి కెమెరా తట్టుకోవద్దూ?"

"వేషాలేయకు నాన్నా, కూర్చో."

ముప్పయ్యేళ్లలో మొదటిసారి స్టూలెక్కాడు. కూతురు అచ్చం ఆయన గొంతుతో "కాస్త నవ్వండి" అంది. నొక్కే క్షణంలో ఆయన ఎడమ చెంప మీది వెలుగు కిందికి జారింది, ఎవరో చూడ్డానికి అట్ట దించినట్టు.

ఫోటో చెడింది. కూతురు వదల్లేదు, తెర మీద కంటిపాపని పెద్దది చేస్తూ పోయింది. అట్ట పైనుంచి ఒక మనిషి తొంగి చూస్తోంది.

"అమ్మే!" తెరకి ముక్కు ఆనించింది పిల్ల. కాసేపటికి, "ఎంత నల్లబడిపోయింది నాన్నా. పెదాలు పగిలిపోయాయి" అంది.

మాస్టారు వంగి చూశాడు. పోయిననాడు ఆవిడ తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఇప్పుడు పాపిట పొడుగునా నెరిసింది. మూడు వేసవులు! తను సైగ చేసినప్పుడల్లా వంగిందే గానీ, కాసేపు నీడకి పొమ్మని తను అన్నదెప్పుడు? బతికుండగానూ అనలేదు.

ఫోటో అచ్చు తీసి పిల్లకిచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం ఒక కొత్త జంట వచ్చింది.

"సాయంత్రం ఐదు దాటాక రండి. అప్పటికి ఎండ దానంతటదే మెత్తబడుతుంది."

"అక్కయ్యగారుండగా ఎండతో పనేంటండీ?"

"మానిపించేశానమ్మా."

అనడమైతే అనేశాడు. మానిపించడం మిగిలింది. ఒక్కడే మేడెక్కి ఎడమ పక్కకి తిరిగాడు. సైగ చేయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమోయ్, ఇంక చాల్లే. దించెయ్."

ఎండ ఆయన మీద నిటారుగా పడింది.