కంటపడని పూలు

"ఆకులు ఎదురెదురుగా" అని శౌరీలు తెలుగులో రాయగానే గదిలోని కుర్చీలన్నీ జంటలు జంటలుగా తిరిగి ఎదురెదురుగా నిలబడతాయి. జోజప్ప కూర్చున్న కుర్చీ కూడా తిరుగుతుంది. టీ తొణక్కుండా ఆయన గ్లాసు పైకెత్తి పట్టుకుంటాడు.

"కాండం నాలుగు పలకలు" అని రాస్తుంది. గుండ్రటి స్తంభాలు పలకలు తేలతాయి.

ఎండుమొక్కలు దాచే ఈ భవనానికి జోజప్ప అధికారి, శౌరీలుకి వరసకు బాబాయి. చర్చిలో పాటలు పాడుతూ లాటిన్ నేర్చిన పిల్ల కదా అని మొక్కల లాటిన్ వర్ణనలను తెలుగులోకి తెచ్చే ఈ పని అప్పగించాడు. ఆ పాటల నిండా రమ్మనీ, కరుణించమనీ వేడుకునే క్రియలే. మొక్కల లాటిన్‌లో క్రియ వెతికినా దొరకదు. ఆకు, దాని రంగు, దాని నూగు, అంతే.

ఆనకట్ట కట్టాక ఏరు పైకెక్కుతోంది. ఎదుటి కొండ మునుగుతోంది. శౌరీలు ఇప్పుడు రాస్తున్న మొక్క ఆ కొండ మీద తప్ప ఎక్కడా లేదు. వర్ణన తెలుగులోకి వస్తున్నకొద్దీ మొక్క కూడా గదిలోకి వస్తోంది. వేళ్లు, కాండం, ఆకులు ఇప్పటికే బల్ల మీద నిలబడ్డాయి.

మిగిలింది ఒక్క మాట: ఫ్లోరెస్ నోన్ వీసీ. పూలు, చూడబడనివి.

ఏరు గుమ్మం దాటి మోకాళ్లు తడుపుతుంది.

"పూలు లేవని రాసెయ్ అమ్మాయ్, మునిగిపోతన్నాం."

"లేవని కాదు బాబాయ్, చూడలేదని."

"చూడనిది ఉందని ఎట్టా చెప్తావ్?"

"లేవని రాస్తే ఇది ఇంకెప్పటికీ పూయదు. ఈ జాతి ఇక్కడితో సరి."

"నీళ్లు నడుం దాకా వచ్చినయ్."

"రానీ."

శౌరీలు బల్ల ఎక్కి కాగితాన్ని స్తంభానికి ఆనిస్తుంది. వీసీ, బహువచనం, పూలతో కలుస్తుంది. చూడనిది ఎవరో లాటిన్ చెప్పదు. ఎవరు చూడలేదని తెలుగు నిలదీస్తుంది. నీళ్లు మళ్లీ మోకాళ్లకు వచ్చినా ఆమె తొందరపడదు. మాట దొరికాకే రాస్తుంది: "పూలు ఇంతవరకు ఎవరి కంటా పడలేదు."

మొక్క పూస్తుంది. వాసన గదంతా నిండుతుంది. కొమ్మలు బరువుకు వంగుతాయి. తేనెటీగలు కొమ్మల చివరి ఖాళీలోకి దూరి మాయమై, పుప్పొడి అంటిన పచ్చటి కాళ్లతో బయటికి వస్తాయి. జోజప్ప చెయ్యి చాస్తాడు. మణికట్టు దాకా చెయ్యి కనబడదు.

"మెత్తగా ఉన్నయ్యే," అంటాడు.

కొండ కిటికీలోంచి మెడ చాచి వాసన చూస్తుంది. శిఖరమంతా పూలలోకి దిగి కనబడకుండా పోతుంది. ఆ ఖాళీలోంచి పెద్ద తుమ్ము వినిపిస్తుంది. ఏరు ఉలిక్కిపడి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, లోయలోకి వెనక్కి నడుస్తుంది.