మునియ్య షెడ్డు బేరం

లౌటోకా బస్సుల కిటికీలకి అద్దాలుండవు. వానొస్తే దించుకునే టార్పాలిన్ తెరలు ఎవరో ఒకరు కుట్టాలి. శివ ప్రసాద్ షెడ్డులో తయారయ్యే బస్సులకి ఆ ఎవరో ఒకరు అతని పెళ్ళాం విమ్లా. ఈ దీవుల దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది షెడ్డు తెరిచారు, ఆ ఏడాదే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. మొగుడు బస్సులు కడుతున్నాడంటారు ఊళ్ళో. ఆమె సంగతి అడిగితే, ఖాళీగా ఇంట్లోనే ఉంటుందంటారు. అత్త చంద్రవతి అయితే, కూర్చుని చేసేదీ ఒక పనేనా అనేది. ఆ దళసరి గుడ్డ లాగీ లాగీ విమ్లా బొటనవేలు వంకరపోయినప్పుడు, కాస్త నూనె రాసుకోమని చెప్పి తన పని తను చూసుకుంది.

ఆ ఆదివారం మునియ్య వచ్చాడు. ఊళ్ళో రెండో బస్సు షెడ్డు అతనిది. ఆర్డర్లు లేక చితికిపోయి, ఇక మీరే తీసేసుకోండని అడగడానికి దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేర్ల కట్ట తెచ్చి చాప మీద పెట్టాడు. దాన్ని ముట్టుకుంటే అడిగింది ఒప్పుకున్నట్టే. ముట్టుకున్నాక మాట తప్పితే ఇక ఊళ్ళో తలెత్తుకోలేరు.

శివ ప్రసాద్ బేరం ముందే మనసులో తేల్చుకున్నాడు. వడ్రంగుల్నీ వెల్డర్లనీ ఉంచుకుంటాడట.

"ప్రేమ్‌వతి మాత్రం వద్దు. కుట్టుపని మా ఇంట్లోనే అయిపోతాది," అన్నాడు.

యంగోనా కలపడానికి నీళ్ళు తెస్తున్న విమ్లా గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రేమ్‌వతి మునియ్య దగ్గర జీతానికి తెరలు కుడుతుంది, మొగుడు పోయాక ఆ జీతంతోనే పిల్లల్ని సాకుతోంది. ఒకసారి మార్కెట్లో ఎదురై, దీదీ, మీ ఆయన మీకెంత ఇస్తాడు అని అడిగితే విమ్లాకి నవ్వొచ్చింది. ఇప్పుడు ఒళ్ళు మండింది. రెండు షెడ్ల చాకిరీ తన ఒక్క నడుం మీద పడబోతోంది, పైగా తన చేతులతోనే ఇంకో ఆడదాని నోటికాడ కూడు లాగేస్తున్నారు. ఒక్క మాట అడిగారా? గోడని అడిగి మేకు కొడతారా ఎవరైనా? కానీ తను నోరు విప్పితే బేరం చెడి, మునియ్య పనివాళ్ళంతా రోడ్డున పడతారేమో.

శివ ప్రసాద్ వేర్ల కట్ట వైపు చెయ్యి చాచాడు.

"మునియ్య భయ్యా, ఆయన ముట్టుకోకముందే విను," అంది విమ్లా. "ఈ రెండు షెడ్లలో దేనికీ నేను కుట్టను."

చాచిన చెయ్యి అలాగే ఆగింది. మునియ్య తల వాల్చేశాడు. అది చూసి కూడా విమ్లా మాట వెనక్కి తీసుకోలేదు.

శివ ప్రసాద్‌కి కోపం కూడా వెంటనే రాలేదు.

"మరెవరు కుడతారు?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినబడటం అదే మొదలు.

"అడగండి," అంది విమ్లా. "ముందు ప్రేమ్‌వతిని. తర్వాత నన్ను."