మంచినీళ్లలో మీటరు

గంజి కంపెనీలో అనిత చేసే కొలువు యంత్రానికి తానం పోసుడేనని బోరింగు కాడ సోమక్క అన్నదట. అన్నది సోమక్క, ఇంటిదాకా మోసుకొచ్చింది ఆడబిడ్డ రాజీ. తండా మొదట్లో చాయ్ డబ్బా నడిపే సోమక్క నోట్లో నువ్వుగింజ నానదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మొగని వీపు రుద్దనీకి తీరిక లేదు గని, కంపెనీ ఇనుపకడ్డీ వీపు దినాం రుద్దుతదట. డిగ్రీ సదివింది గిందుకేనా?" అని కూడా అన్నదట. బోరింగు కొట్టే ఆడవాళ్లు కొట్టడం ఆపి మరీ నవ్వారట.

"నాకైతే మస్తు కోపమొచ్చింది వదినా," అంది రాజీ, ఏడోనెల కడుపును ఒక చేత్తో పట్టుకుని గడప మీద కూర్చుంటూ. కోపం కంటే ముచ్చట మోసుకొచ్చిన సంబురమే ఆ ముఖంలో ఎక్కువ కనబడింది.

అనిత జొన్నరొట్టె తడుతోంది. కోపం రావాలి కదా అని తనలో తాను వెతుక్కుంది, దొరకలేదు. సోమక్క అబద్ధమాడలేదు మరి. కాకపోతే సగమే తెలుసుకుంది. కడ్డీకి తానం పోయడం పనిలో మొదటి సగం. రెండో సగం తెలిస్తే నవ్వేవాళ్లు కాదు.

కేసముద్రం మార్కెట్ నుంచి లారీల్లో వచ్చే మక్కజొన్నలను నానబెట్టి, రుబ్బి, తెల్లటి పిండి తీసే కంపెనీ అది. పిండి పట్నం పోతుంది, నానబెట్టిన నీళ్లు వాగులోకి వస్తాయి. వారం పాటు మూత వేసి మరిచిపోయిన కుడితికుండను ఒక్కసారి తెరిస్తే ఎట్లుంటుందో అట్లుంటుంది ఆ వాసన. అయితే ఊరికే వదలడానికి లేదని పైనుంచి ఆర్డరొచ్చి, నీళ్లు గోడ దాటే కాల్వ మీద మీటరు పెట్టారు. దానికో రేకుల గది. గదిలోంచి కాల్వలోకి తాడుతో వేలాడే కడ్డీ, కడ్డీ కొసన కన్నులాంటి గాజు. నీళ్లలో మురికెంత, పులుపెంత అని ఆ కన్ను చూస్తుంది. చూసింది చూసినట్టు గేటు మీది బోర్డులో అంకెలై వెలుగుతుంది, అదే గడియకు హైదరాబాదులోని కాలుష్య నియంత్రణ ఆఫీసుకూ పోతుంది. నీళ్లు మంచివైతే పచ్చ అంకెలు, చెడ్డవైతే ఎర్రవి. కడ్డీ ఉండాల్సింది కాల్వలో. ఉండేది బకెట్‌లో. నానబెట్టిన నీళ్లు వదిలే ముందు కడ్డీని పైకి లాగి, పట్టిన జిగటంతా చేత్తో తుడిచి, మంచినీళ్ల బకెట్‌లో ముంచాలి. కింద కాల్వ నురగలు కక్కుకుంటూ వాగుకు పోతుంటే, పైన ఆ కన్ను బకెట్‌లో నీళ్లను చూసి పచ్చగా నవ్వుతుంటుంది.

మొదటి రోజు ఆ బకెట్ ఎవరు నింపాలన్న మాట వచ్చినప్పుడు ల్యాబులో మగవాళ్లంతా ఆమె వైపే చూశారు. అందరిదీ ఒకటే చదువు, ఒకటే కెమిస్ట్రీ. మేనేజరు చంద్రమౌళి గోదావరి జిల్లా మనిషి, మాటలో వెన్న కారుతుంది. "నీళ్లు పట్టడం మీ ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య కదమ్మా అనితా! మావాళ్లకి చేతనవుతుందేంటి?" అన్నాడు. "పడ్త సార్" అని ఆమె అంటే, "అబ్బ, అచ్చం సినిమాలో పనిమనిషిలా భలే అంటావమ్మా, ఏదీ మళ్లీ అను" అన్నాడు. ల్యాబంతా పగలబడింది. ఆ నవ్వు చాలాకాలం ఆమె చెవుల్లో జిగటలా అంటుకునే ఉంది.

అంతటితో అయిపోతే ఎట్లా? బోరు నీళ్లు అట్లాగే పెడితే అంకెలు మరీ స్వచ్ఛంగా వచ్చాయి. మక్కలు నానబెట్టిన కంపెనీ నీళ్లు ఇంత తేటగా ఎట్లుంటాయని హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. చంద్రమౌళి ఆమెను పిలిచి, "కూరలో ఉప్పేసినట్టు చూసి వెయ్యాలమ్మా. కాల్వ నీళ్లు ఓ గ్లాసుడు కలుపు. మరీ మంచిదైనా ఎవడూ నమ్మడు" అన్నాడు. అప్పటినుంచి ఆమె రోజూ ఒక గ్లాసు మురుగు తెచ్చి మంచినీళ్లలో కలుపుతోంది, రుచి సరిచూసే వంటమనిషిలాగా. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని కల్యాణ్ పళ్లెం జరిపేస్తాడు. ఇక్కడ మురికి తక్కువైందని చంద్రమౌళి బకెట్‌ను బూటుతో తడతాడు. ఇద్దరికీ రుచి చూసిపెట్టే నాలుక తనదే.

కల్యాణ్ ఆమె మొగుడు, మండలంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి ముందుండే మనిషి. మానుకోట స్టేషన్ దగ్గర రాళ్లు లేచిన నాడు తానున్నానని ప్రతి సభలో చెబుతాడు. ఆనాడు అతని అంగీకి అంటిన కంకర దుమ్ము వదలగొట్టడానికి అనిత రెండు సబ్బులు అరగదీసింది. ఆ సంగతి ఏ సభలోనూ రాదు. ఇంటికి పదిమందిని వెంటేసుకుని వస్తాడు. "ఉద్యమకారులే, పరాయోళ్లా? జర అన్నం వండు" అంటాడు. వాళ్లు తిని లేచిన పళ్లేలు కడిగేటప్పుడు, గోడకవతల నుంచి మహిళల పాత్ర గురించిన మాటలు ఆమెకు వినబడుతుంటాయి. ఈ కొలువు ఇప్పించిందీ అతనే. ఆంధ్రా కంపెనీని తరిమికొడతామని పగలు మైకులో అరిచి, పొద్దుగూకే వేళ చంద్రమౌళి గదిలో చాయ్ తాగొచ్చి, "నీకు ల్యాబుల పని ఖాయమైంది" అన్నాడు. ఆ ల్యాబు కంపు ఆమె చేతులకు పట్టుకున్నాక మాత్రం దగ్గరికి రానివ్వడు. "చేతులు మంచిగ కడిగినవా?" అంటాడు, రొట్టె విరిచే ముందు ముక్కు దగ్గర పెట్టి చూసుకుంటాడు. సున్నిపిండితో, నిమ్మచెక్కతో, ఆఖరుకు కిరసనాయిలుతో కూడా రుద్దింది. పోదు. ఒకసారి బకెట్ సంగతి అతనికంతా పూసగుచ్చినట్టు చెప్పింది. విని, ఫోన్లోంచి తలెత్తకుండా, "గిప్పుడా గా ముచ్చట? సమ్మె నడుస్తున్నది. ముందు రాష్ట్రం రానీ, తర్వాత అన్ని చూద్దాం" అన్నాడు. సకల జనుల సమ్మెకు బస్సులాగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు ఆగింది. గంజి కంపెనీ ఆగలేదు. గేటుకెదురుగా రోడ్డవతల ఉద్యమకారులు వేసిన దీక్ష టెంటుకు మజ్జిగా, చల్లటి నీళ్ల క్యాన్లూ పంపే కంపెనీని ఎవరాపుతారు?

తండాలో బోరింగు నీళ్లు చవుడు. బట్టలకూ గిన్నెలకే పనికొస్తాయి. తాగడానికి వాగు ఇసుకలో చెలిమె తోడుకుని, ఊరిన నీళ్లను చిప్పతో ముంచుకోవడం తాతలనాటి అలవాటు. మామ జాల్యా బర్రె వాగు నీళ్లు తాగి ఈచుకుపోయి, నెలలు నిండని దూడను పడేసినప్పుడు తండా భయపడి చెలిమెలు మానేసింది. నాలుగు మైళ్ల నుంచి బండి మీద నీళ్లు తెచ్చుకుంటూ, పెద్దమనుషులు వెళ్లి కంపెనీ గేటు ముందు కూర్చున్నారు. చంద్రమౌళి కుర్చీలేయించి, గేటు మీది బోర్డు చూపించాడు. "చూడండి, అన్నీ పచ్చ అంకెలే. మీకు మా మీద నమ్మకం లేకపోతే పోయె, ఆ మీటరు చూసేది మీ ఇంటి కోడలే కదండీ!" జాల్యాకు ఆ మాట చాలు. వచ్చి తండా నడుమ నిలబడి, "నీళ్లు మంచిగనే ఉన్నయట. మన అనిత చెయ్యి ఉన్నది దాని మీద" అని చెప్పాడు. ఎన్నడూ కోడలిని పేరు పెట్టి మెచ్చుకోని మనిషి. మామ మాట కాదని బకెట్ సంగతి చెప్పే ధైర్యం అనితకు చాలలేదు. ఆ సాయంత్రమే చెలిమెలు మళ్లీ తోడారు.

రొట్టె పెనం మీద మాడిన వాసన వచ్చేసరికి అనిత ఉలిక్కిపడింది. గడప మీద రాజీ పక్కనున్న బిందెలోంచి గ్లాసు ముంచుకుంది. చెలిమె నీళ్లు. అంచున సన్నటి తెల్ల నురగ, జొన్నగింజంత.

"నురగున్నది రాజీ."

"గంతే ఉంటది, వానకాలం గద. నాకేం భయం వదినా, మీటరు నీ చేతిలనేనాయె," అని గ్లాసు ఎత్తింది.

అనిత పిండిచేత్తోనే ఆ గ్లాసు లాక్కుని వాకిట్లోకి విసిరింది. బిందె కూడా తన్నింది. లోపలినుంచి అత్త సోని పరుగున వచ్చింది. "పిచ్చి లేసిందా నీకు? కడుపుతోనున్న పిల్ల నోటికాడి నీళ్లు గుంజుకుంటవా! బిందె నింపి తెచ్చేటోళ్లెవరు మళ్ల?"

"తాగొద్దు అత్తా. ఇంట్ల ఎవ్వరు తాగొద్దు."

"ఎందుకట?"

నా చేతుల వల్ల, అనాలి. పిండి అంటిన తన చేతులను చూసుకుంటే రోత పుట్టింది. ఇన్నాళ్లూ వాసన చర్మానికి పట్టిందనుకుంది. కల్యాణ్ రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంటే సిగ్గుపడింది. సిగ్గుపడాల్సింది దానికి కాదు. ఇల్లంతా, కంపెనీ అంతా, దీక్ష టెంటుతో సహా, ఎవరి చేతులూ తడవకుండా ఈ రెండు చేతులనే మురుగులో ముంచి తీశారు. పైగా పదిమందికీ ఈ చేతులనే సాక్ష్యంగా చూపించారు. రోత కాల్వది కాదు. పెనం దించి, పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని నడిచింది.

కంపెనీలో నానబెట్టిన నీళ్లు వదిలే గంట మోగింది. అనిత రేకుల గది తలుపు బార్లా తెరిచింది. బకెట్ ఎత్తి గోడవతల కుమ్మరించి, కడ్డీని కాల్వలోకి వదిలి, తాడు ముడి బిగించి దాని ముందే నిలబడింది. పచ్చ అంకెలు కాసేపు తడబడ్డాయి. తర్వాత గేటు మీది బోర్డంతా ఎర్రబారింది.

రోడ్డవతలి టెంటులో కూర్చున్నవాళ్లే ముందుగా చూశారు. సోమక్క డబ్బా దగ్గర చాయ్ తాగేవాళ్లు గ్లాసులతోనే వచ్చారు. జాల్యా కర్ర పట్టుకుని వచ్చాడు. గది గేటు పక్కనే కాబట్టి అందరికీ అనితా కనబడింది, కాల్వా కనబడింది. చంద్రమౌళి ఉరుక్కుంటూ వచ్చాడు గానీ, అంతమంది చూస్తుండగా బకెట్ మాట ఎత్తలేకపోయాడు. చేయి పట్టి లాగుదామంటే ఆడమనిషి. ఫోన్ చేసి కల్యాణ్‌ను పిలిపించాడు. "కల్యాణ్ గారూ, కాస్త మీ ఆవిడకి నచ్చజెప్పండి. చదువుకున్న పిల్ల, మన మనిషీ అని పెట్టుకున్నాం."

కల్యాణ్ ఇస్త్రీ అంగీతో వచ్చి ఆమె చెవి దగ్గరికి వంగాడు. మెల్లగా చెబుదామనే వంగాడు. నెలరోజులుగా మైకులో అరిచిన గొంతు మెల్లగా పలకడం మరిచిపోయింది.

"ఏందే గీ లొల్లి? ఇజ్జత్ తీస్తున్నవ్. గా కడ్డీ తీసి ఎప్పటిలెక్కనే బకెట్ల పెట్టు!"

జాల్యా కర్ర నేలకు ఆనించాడు. "ఏ బకెట్ రా?" అన్నాడు. "ఎప్పటిలెక్క అంటే ఎప్పటిసంది?"

కల్యాణ్ తండ్రి వైపు తిరగలేదు. మెడ మీద చెమట తుడుచుకుని, అందరికీ వినబడేటట్టే, సభలో చెప్పినట్టే భార్యతో అన్నాడు. "జర ఓపిక పట్టు అనితా. రాష్ట్రం రానీ. వచ్చినంక గీ కంపెనీ సంగతి, గీ నీళ్ల సంగతి మనమే చూసుకుందం. గప్పటిదాక జర సైసు."

అనిత తాడు మీద చేయి తీయకుండానే అతని ముఖంలోకి చూసింది.

"రాష్ట్రం వచ్చినంక గూడ బకెట్ నన్నే నింపుమంటవ్. నేను నింప."