పడని మందుల జాబితా

ఆసుపత్రిలో రోగుల రికార్డులను కలిపే కోడ్ ఆమె రాసింది. ఒక్కో రికార్డు లోపల మందుల వివరాలు, వాటి లోపల మళ్లీ పడని మందుల జాబితా ఉంటాయి. కొత్త సమాచారం వస్తే, ఆమె కోడ్ అట్టడుగు దాకా వెళ్లి, పాతది చెరపకుండా కలిపేది.

టీం లీడరు ఆమె అక్క మొగుడే. ఆమెతో మాటైనా అనకుండా దాన్ని మూడు లైన్లకు కుదించేశాడు.

"బావా, ఇది పైపైనే చూస్తుంది. లోపలున్నవన్నీ ఎగిరిపోతాయి."

"ఆఫీసులో బావేంటి? నీ చాదస్తం ఇంట్లో చూపించుకో," అన్నాడు అందరి ముందూ.

పది రోజులకు ఒక రోగికి పడని ఇంజెక్షనే సిద్ధం చేశారు. తెరమీద జాబితా ఖాళీగా ఉంది. ఆ మందుతో అతనికి లోగడ ఊపిరాడలేదని నర్సుకు గుర్తుండబట్టి సరిపోయింది.

మీటింగులో బావ తడుముకోకుండా వేలు చూపించాడు. "ఆ కోడ్ ఈవిడదే."

ఆమె, ఏ లైను ఎవరు మార్చారో చూపించే పేజీని గోడమీది తెరకెక్కించింది. మూడు లైన్ల పక్కనా అతని పేరే ఉంది. మేనేజరు అక్కడికక్కడే అతన్ని టీంలోంచి తప్పించాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "నా కాపురంలో నిప్పులు పోశావు కదే!"

"ఆ రోగి చచ్చిపోయేవాడక్కా."

అక్క ఫోన్ పెట్టేసింది. రెండేళ్లయినా ఇద్దరికీ మాటల్లేవు.