వోల్నే రెండో సీసా

జయదేవ్‌కు వాసన తెలియకుండా పోయి పదకొండు నెలలైంది. కిందటి వానాకాలంలో సలాలా కొండ దారిలో పొగమంచు కమ్మేసిన వేళ అతని కారు, ముందు పోతున్న లారీని గుద్దుకుంది. నుదుటికి పడ్డ ఎనిమిది కుట్లూ మానాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు. దెబ్బకు వాసన నరాలు తెగి ఉంటాయనీ, ఏడాదిలోపు రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దనీ మస్కట్‌లో, అల్ ఖువైర్ పేటలో ఉన్న డాక్టరు చెప్పాడు.

ఈ సంగతి భార్య మనోజ్ఞకు తప్ప మరెవరికీ తెలియదు. జయదేవ్ పనిచేసేది సలాలాలోనే, సముద్రపు ఒడ్డునున్న పెద్ద హోటల్లో. అక్కడ వైన్ల బాధ్యతంతా అతనిదే. కొనడం, చల్లటి గదిలో ఏళ్ళ తరబడి పడుకోబెట్టడం, తెరిచినప్పుడు వాసన చూసి, బాగుందని తేల్చాకే అతిథికి పోయడం. పద్నాలుగేళ్ళుగా అదే డ్యూటీ. ఇప్పుడు రంగు చూస్తాడు. నాలుక మీద పులుపూ వగరూ తెలుస్తాయి. మిగతాదంతా జ్ఞాపకంలోంచి తీసి చెబుతాడు. మొదట్లో దొరికిపోతానేమోనని గుండె దడదడలాడేది. కొన్నాళ్ళకు ఆ దడ కూడా ఆగిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం సూర్యప్రకాశ్‌గారూ, ఆయన భార్య మంగతాయారుగారూ భోజనానికి వచ్చారు. ఆయన ఊరి పక్కనున్న రైసూత్ పోర్టులో ఇంజనీరుగా ఇరవై ఆరేళ్ళు పనిచేసి మొన్ననే రిటైరయ్యారు. వచ్చే వారం రాజమండ్రి వెళ్ళిపోతున్నారు. ఏటా పెళ్ళిరోజుకు ఇక్కడికే వచ్చేవారు. ఫ్రెంచి బర్గండీ ప్రాంతంలోని వోల్నే అనే ఊరి వైన్, తొంభైతొమ్మిదో సంవత్సరం ద్రాక్ష పంటది, రెండే రెండు సీసాలు హోటల్లో ఉన్నాయని ఆరేళ్ళ కిందట జయదేవే నోరు జారి ఆయనతో చెప్పాడు. అప్పుడే తెరవమని ఆయన పట్టుబడితే, "ఇంకా పడుకోనివ్వండి సార్. మీ రిటైర్మెంటుకు లేపుదాం" అన్నాడు.

"ఏమోయ్, లేపుతావా మరి?" అన్నారు సూర్యప్రకాశ్‌గారు కూర్చుంటూనే. "మన నాసిక్‌లో కూడా అదే ద్రాక్షతో చేస్తున్నారట కదా, పినో నువార్. అదీ తీసుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

జయదేవ్ నాసిక్ సీసా మూత తిప్పి ముందుగా పోశాడు. తర్వాత వోల్నే. కార్కు మెత్తబడి ఉంది. విరగకుండా, అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా పని కానిచ్చాడు. నాసిక్‌ది నేరేడు రసంలా నిగనిగలాడుతోంది. వోల్నే పలచబడి, గ్లాసు అంచున ఇటుక రంగుకు తిరిగింది. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. వగరు బాగా మెత్తబడింది. పులుపు ఇంకా నిలబడే ఉంది.

"బ్రహ్మాండంగా ఉంది సార్. ఎండిన గులాబీ రేకులు, వాన పడ్డ అడవి నేల, కొంచెం పుట్టగొడుగులు. వయసుకొచ్చిన బర్గండీ అంటే ఇదే."

సూర్యప్రకాశ్‌గారు వాసన చూసి, ఒక గుక్క తాగి, నొసలు చిట్లించారు. ఆయన మొహం చూసి మంగతాయారుగారు గ్లాసు తన వైపు లాక్కున్నారు. ఆవిడ తాగరు. ఏటా వాసన మాత్రం చూస్తారు.

"గులాబీలేంటి బాబూ?" అన్నారు. "అట్టపెట్టె వానకు తడిసి నాల్రోజులు మూలన పడుంటే వచ్చే కంపు ఇది."

కార్కుకు ఒక రకం బూజు పట్టిందంటే లోపలి వైన్‌కు సరిగ్గా ఆ వాసనే వస్తుంది. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకు మొట్టమొదట నేర్పేది దాన్ని పట్టుకోవడమే. జయదేవే ఎందరికో నేర్పాడు. సిగ్గు ముంచుకొస్తుందని నిలబడి చూశాడు. ఏమీ రాలేదు.

"నాకు వాసన తెలీదమ్మా," అన్నాడు. "యాక్సిడెంట్లో పోయింది. ఇందాక చెప్పిందంతా పాత గుర్తు."

మంగతాయారుగారు గ్లాసు కింద పెట్టారు.

"ఎన్నాళ్ళయింది నాయనా?"

"పదకొండు నెలలమ్మా."

"మరి ఇన్నాళ్ళూ..." అని సూర్యప్రకాశ్‌గారు మాట మధ్యలో ఆపేశారు. కాసేపు బల్లగుడ్డ మడత సర్దుతూ ఉండిపోయి, "రెండోది ఉందన్నావుగా, తీసుకురా" అన్నారు.

రెండో సీసా తెచ్చి, తెరిచి పోశాక, ఈసారి గ్లాసు తిన్నగా మంగతాయారుగారి ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశారు.

"కంపేం లేదు. ఏదో... పాత పట్టుచీరలు పెట్టిన పెట్టె మూత తీసినట్టుంది. లోపలెక్కడో పండు ఉంది. ఇదిగో, ఇప్పుడు తడి కొబ్బరిపీచు. ఇందాకటికీ ఇప్పటికీ మారిపోయిందేంటి?"

"మారుతుందమ్మా. గాలి తగిలే కొద్దీ మారుతుంది. నాసిక్‌ది కూడా చూడండి."

"ఇదైతే తేలిగ్గానే తెలుస్తోంది. నేరేడుపళ్ళు, బెల్లంపాకం. ఎంతసేపు చూసినా అంతే."

సూర్యప్రకాశ్‌గారు ఒకటి మార్చి ఒకటి తాగారు. మళ్ళీ తాగారు. "తప్పు చెబుతున్నానేమో గానీ, నాకు నాసిక్‌దే బాగుందోయ్," అన్నారు మొహమాటంగా. "హాయిగా ఉంది. నువ్వు దాచిందాన్ని తాగాలంటే పరీక్ష రాస్తున్నట్టుంది."

మంగతాయారుగారు ఫక్కున నవ్వారు. "ఆరేళ్ళు కలవరించారు కదండీ దీనికోసం!" అని, వోల్నే గ్లాసు తన దగ్గరే ఉంచుకున్నారు. భోజనం ముగిసేదాకా నాలుగు ముద్దలకోసారి వాసన చూసి, మారిందల్లా జయదేవ్‌కు చెబుతూనే ఉన్నారు. నానిన ఉసిరి. తమలపాకు. చివరికి ఆరిపోయిన అగరుబత్తి. అతను పక్కన నిలబడి ప్రతి మాటకూ తలూపాడు. అన్నీ అర్థమయ్యాయి. ఏ ఒక్కటీ ముక్కు దాకా రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక మేనేజరు కమ్రాన్ గదికి వెళ్ళి, కూర్చోకుండానే అంతా చెప్పాడు. కమ్రాన్‌ది హైదరాబాదు.

"అరే భాయ్, పదకొండు నెలలా? కంప్లైంట్ ఒక్కటి కూడా రాలేదు కదా."

"ఇవాళ వచ్చింది."

"వాళ్ళు బుక్కులో కంప్లైంట్ ఏం రాయలేదు. బహుత్ అచ్ఛా అని రాసిపోయిన్రు."

"అయినా వచ్చినట్టే."

కమ్రాన్ డ్యూటీల పట్టీ తిరగేశాడు. ఆఖరికి, వైన్ల పని వేరేవాళ్ళకు అప్పగించాల్సిందేనని, వచ్చే నెల నుంచి పెళ్ళిళ్ళు జరిగే హాలు చూసుకోమని చెప్పాడు. జీతం సంగతి పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. జయదేవ్ సరేనన్నాడు. చల్లగది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

బయట చిరుజల్లు. కారులో కూర్చుని మనోజ్ఞకు ఫోన్ చేశాడు.

"హోటల్లో చెప్పేశాను."

"ఏమన్నారు?"

చెప్పాడు.  అవతల మనోజ్ఞ ఏడవడం వినిపించింది. యాక్సిడెంట్ అయిన రోజు కూడా ఆమె ఇంతగా ఏడవలేదు. అతను ఫోన్ పెట్టేయలేదు. ఓదార్చనూ లేదు. అద్దం మీద జల్లు పేరుకుని, ఎదుటి కొబ్బరిచెట్లు మసకబారే దాకా వింటూ కూర్చున్నాడు.

"నీకేం అనిపించట్లేదా?" అంది మనోజ్ఞ చివరికి.

"ఇంకా లేదు," అన్నాడు జయదేవ్. "బయల్దేరుతున్నాను." అద్దం తుడిచే మీట నొక్కి, బండి తీశాడు.