స్టాన్లీ గది రేడియేటర్

పొద్దున లేవగానే నోరీన్ టీకి నీళ్లు పెట్టి, ఇల్లంతా వెచ్చబెట్టే, వంటింటి గోడకున్న బాయిలర్ వైపు చూసేది. ప్రెషర్ చూపించే ముల్లు రాత్రికి రాత్రే ఒకటో అంకె కిందికి, ఎర్రగీత దగ్గరికి జారిపోయి ఉండేది. ఆమె ఒంగి బాయిలర్ అడుగున ఉన్న రెండు వాల్వులూ తిప్పేది. కుళాయి నీళ్లు బుస్సుమంటూ లోపలికి ఎక్కేవి. ముల్లు ఒకటిన్నర దగ్గరికి రాగానే కట్టేసి, లోపల మంట అంటుకున్న చప్పుడు విన్నాక టీ కలుపుకునేది. సాయంత్రానికి ముల్లు మళ్లీ కిందికే.

ఎక్కడ కారుతోందో వెతకాల్సిన పని లేదు. ఆ ప్రెషర్‌ని ఆమే వదిలేస్తోంది.

భర్త క్లిఫ్ మార్చిలో పోయాడు. అక్టోబరులో బర్న్లీ ఊళ్లో చలి మొదలయ్యాక హీటింగ్ వేస్తే, మేడమెట్ల దగ్గర గోడకున్న వేడినీళ్ల రేడియేటర్ పైసగం చల్లగా ఉండిపోయింది. లోపల గాలి పట్టేస్తే అంతే, వేడినీళ్లు పైకెక్కవు. నోరీన్ ఇత్తడి తాళంచెవి తెచ్చి, పక్కనున్న చిన్న మరని కాస్త తిప్పింది. గాలి సన్నగా ఈలేస్తూ బయటికొచ్చింది. దాంతోపాటే క్లిఫ్ దగ్గు, ఆ వెనకే అతని గొంతు.

"ఈ లైటెవరు ఆర్పకుండా వదిలేశారు? కరెంటు కంపెనీ మనదనుకుంటున్నారా?"

నోరీన్ మెట్టు మీద కూర్చుని, గాలి అయిపోయేదాకా రేడియేటర్‌కి చెవి ఆనించి ఉంచింది.

పక్కింటి బెరిల్‌కి చెబితే తలూపింది. "మా ఇంట్లో మా అత్తగారు పోయాక కూడా చాలాకాలం ఉంది. ఏ గదిలో తిప్పినా నా వంట మీదే ఏడుపు. మీ ఆయన నయం, లైటు దగ్గరే ఆగాడు. కానీ ఊరికే తిప్పుతూ కూర్చోకు, ప్రెషర్ పడిపోతుంది."

నోరీన్ ఆగలేకపోయింది. ముందుగదిలో క్లిఫ్ ఫుట్‌బాల్ చూస్తూ తిట్టిన తిట్లు విన్నది. స్నానాల గదిలో అతని కూనిరాగం. పడగ్గదిలో, "జరగవే, నీ కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి." ఏ మాటైనా ఒక్కసారే. కొత్తగా ఎక్కించిన నీళ్లతో వచ్చే గాలిలో ఎవరూ ఉండేవారు కాదు. అయినా తిప్పేది. మురికినీళ్లు వేళ్ల మీద చిమ్మేదాకా తిప్పేది.

క్లిఫ్ వాళ్లన్నయ్య స్టాన్లీ కూడా ఆ ఇంట్లోనే, మేడ మీద వెనక గదిలో ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. మిల్లులో దూదిధూళి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైపోయాయి. అతని గది రేడియేటర్ కూడా పైన చల్లగానే ఉండేది. నోరీన్ తాళంచెవి పట్టుకుని వెళ్తే, ఉన్నిటోపీ కిందికి లాక్కుని, "నాది బాగానే ఉంది" అనేవాడు.

"బాగుండటమేంటి స్టాన్? నోట్లోంచి పొగలొస్తున్నాయి."

"సిగరెట్లు మానేశాను కదా, ఆ మాత్రం పొగన్నా ఉండొద్దూ?"

డిసెంబరు మొదట్లో, రోడ్లు గడ్డకట్టిన వారంలో బాయిలర్ పూర్తిగా ఆగిపోయింది. ఎంత నీళ్లెక్కించినా ముల్లు నిలబడలేదు. స్టాన్లీ దగ్గు గోడలు దాటి బెరిల్ ఇంట్లోకి వినిపిస్తోంది. గ్యాస్ మెకానిక్ ఇమ్రాన్ వచ్చి, మూత విప్పి నిట్టూర్చాడు.

"ఆంటీ, రోజూ కొత్తనీళ్లు పోస్తే ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది? లోపల చిల్లి పడింది. అది మార్చి, పైపులన్నీ కడిగేయాలి. పాత నీళ్లు, పాత గాలి ఏవీ మిగలవు. వినాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే వినేయండి. నేను వ్యాన్‌లో కూర్చుంటాను."

నోరీన్ వెనక గదికి వెళ్లింది. స్టాన్లీ మంచం దిగి రేడియేటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు నోరీన్."

"ఆయన మిగిలింది ఇక్కడొక్కచోటే. జరుగు."

"నీళ్లతోపాటే పోనియ్యి. నీకు దండం పెడతాను."

ఆమె అతన్ని పక్కకి తప్పించింది. తప్పించడానికి పెద్ద బలమేం అక్కర్లేకపోయింది. మర తిప్పగానే క్లిఫ్ గొంతు వచ్చింది. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"డాక్టరు అదేనన్నాడు స్టాన్. గడ్డని ఇప్పుడే కోసి తీసేస్తే ఆశ ఉందంట. నోరీన్‌కి చెప్పకు. చెబితే మధ్యాహ్నానికల్లా నన్ను ఆసుపత్రిలో పడేస్తుంది. నాకు భయంగా ఉంది స్టాన్. క్రిస్మస్ వెళ్లనీ. మాటివ్వు."

తర్వాత నల్లటి నీళ్లు చిమ్మాయి. నోరీన్ మర బిగించింది.

"ఏ క్రిస్మస్?"

"పోయినదానికి ముందుది," అన్నాడు స్టాన్లీ.

అంటే క్లిఫ్ పోవడానికి ఏడాది పైగా ముందు మాట. ఆ ఏడాదిలోనే వాళ్లు ముందుగది గోడలకి కొత్త రంగుకాగితం అంటించారు, బ్లాక్‌పూల్ వెళ్లి సముద్రం చూసొచ్చారు. మనిషి చిక్కిపోతున్నాడని ఆమె బంగాళాదుంపల్లో వెన్న ఎక్కువ కలిపింది.

"రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నావు."

"మాటిచ్చాను."

"ఒక్క ముక్క చెప్పుంటే చెవి పట్టుకుని లాక్కెళ్లేదాన్ని."

"తెలుసు. వాడికీ తెలుసు." స్టాన్లీ దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "క్రిస్మస్ వెళ్లింది. వసంతం వెళ్లాక అన్నాడు. తర్వాత, ఇక లాభం లేదన్నాడు. లాభం లేనప్పుడు నీకు చెప్పి ఏం చేయను?"

నోరీన్ తాళంచెవి జేబులో వేసుకుంది. కిందికి దిగి వీధి తలుపు తీసింది. "అయిపోయింది ఇమ్రాన్. కడిగేయ్."

మర్నాటికి ఇల్లు వేడెక్కింది. స్టాన్లీ గది రేడియేటర్ కూడా పైనుంచి కిందిదాకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అతను టోపీ తీసి పక్కన పెట్టాడు. ఆ వేడిలోనే రెండు రోజులు ఇద్దరూ ఎదురుబొదురుగా భోంచేశారు. ఉప్పు అందించమని తప్ప ఆమె ఏమీ మాట్లాడలేదు. మూడోనాడు అతను తనంతట తానే ఫోన్ చేసి, కాలువ అవతల ఉన్న వృద్ధాశ్రమంలో గది మాట్లాడుకున్నాడు. ఆమె పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

టాక్సీ వచ్చేసరికి స్టాన్లీ నడవాలో నిలబడి కోటు బొత్తాలతో కుస్తీ పడుతున్నాడు. నోరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిందినుంచి మెడదాకా ఒక్కో బొత్తామూ పెట్టింది. మఫ్లర్ చుట్టి కొసలు లోపలికి దోపింది. అతను ఆమె మొహంలోకి చూస్తూ కాస్త ఆగాడు, ఆమె ఏదన్నా అంటుందేమోనని.

"గుమ్మం దగ్గర మంచు ఉంది, చూసుకుని దిగు," అంది నోరీన్.