రెండు షీట్ల మీద ఒకే పేరు

శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఒక సరుకు గోదాంలో నా పని పెట్టెలు సరిచూడడం. పెట్టె మీద అంటించిన చీటీలోని అక్షరాలూ నా చేతి కాగితంలోని అక్షరాలూ ఒకటేనా అని వేలు పెట్టి ఒక్కొక్కటే చూడాలి. మా ఆయన కుర్మయ్య పోయాక, యాభై రెండేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాటలకు అర్థాలు ఇప్పటికీ తెలియవు. కానీ ఒకే మాట రెండు చోట్ల ఉంటే నా కన్ను దాటిపోదు.

మా తమ్ముడు బాలమల్లు క్యాబ్ నడుపుతాడు. టైరు మారుస్తుంటే జాకీ జారి చెయ్యి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, నొప్పికి గోలీలు రాశారు. మొదటి గోలీ వేసుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. పళ్ళు బిగబట్టి గోడకు తల ఆనించుకున్న మనిషి గంట తిరక్కుండా "అక్కా, నా చెయ్యి ఉన్నదా లేదా?" అని నవ్వాడు. చింతగింజ అంత కూడా లేదు ఆ గోలీ. అంత నొప్పిని అది ఎక్కడ దాచిందో అని దాని వంకే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం జొన్నరొట్టెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కప్పు మీదుగా విమానం దిగుతుంటే గిన్నెలు అదిరాయి. మంచం మీద తమ్ముడు మాత్రం కదల్లేదు.

"ఎప్పటిసంది పన్నడే?" అని మరదలు శోభను అడిగాను.

"పొద్దటిసంది వదినా. నిద్ర మంచిగ పడుతుంది," అంది సంతోషంగా. "నొప్పి ఆగుతలేదని నిన్న మొన్న రెండేసి ఏసుకున్నడు. జరమొచ్చిందని నడుమ నడుమ జరం గోలీలు గూడ ఇస్తున్న. కలువనిస్తనా? గంట ఎడం పెట్టే ఇస్తున్న."

మా ఇళ్ళలో గోలీలకు పేర్లుండవు, రంగులే. షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలన్నీ బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. జరానికి తెల్లది, నొప్పికి పచ్చది. రంగు వేరైతే మందు వేరు అనుకుంటాం. నేనూ అప్పటిదాకా అలాగే అనుకున్నాను.

డబ్బాలోంచి రెండు షీట్లు తీశాను. అలవాటుగా వేలు నడిచింది. పచ్చ గోలీల వెనక రెండు మందుల పేర్లున్నాయి. చీమ తలకాయంత అక్షరాలు. మొదటి పేరు ఎన్నడూ చూడనిది. రెండోదాని దగ్గర వేలు ఆగింది. తెల్ల గోలీల షీటు పక్కన పెట్టాను. మొదటి అక్షరం ఒకటే. రెండోదీ ఒకటే. పదకొండు అక్షరాలూ ఒకటే.

"శోభా, జరం గోలీల ఉన్నదే నొప్పి గోలీల గూడ ఉన్నది. రెండు దిక్కులకెంచి ఒకటే మందు పోస్తున్నవ్."

"పో వదినా! పెట్టెలు జూసి జూసి నీకు గోలీలు గూడ పెట్టెల్లెక్క కండ్లవడుతున్నయ్. రంగు జూడరాదు!"

తమ్ముణ్ణి కుదిపాను. కళ్ళు సగం తెరిచి "ట్రిప్పొచ్చిందా?" అని మళ్ళీ మూశాడు. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను రెండు సార్లు గాలి పీల్చుకున్నాను.

ఇక శోభ మాట వినలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. రెండు షీట్లూ కొంగున కట్టుకుని, శోభను వెంటబెట్టుకుని బండెక్కాను.

దవాఖానలో డాక్టరమ్మ షీట్లు తిప్పి చూసి, ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. "పారాసిటమాల్ రెండింట్లోనూ ఉందమ్మా. రోజుకు ఇంతే అని హద్దు ఉంటుంది. అది దాటితే కాలేయం పాడవుతుంది. మొదట్లో మనిషికి తెలియను కూడా తెలియదు. ఇక పచ్చ గోలీలో ఉన్న ఇంకో మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. మీరు చూసింది నిద్ర కాదు."

"నిద్రనుకున్న అక్కా... దుప్పటి గూడ కప్పిన," అంది శోభ. ఎప్పుడూ వదినా అనే పిల్ల, ఆ పూట అక్కా అంది.

వాడికి ఆక్సిజన్ పెట్టారు. రక్తం పరీక్షకు పంపి, సెలైన్‌లో విరుగుడు ఎక్కించారు. ఒక్కొక్క చుక్కే దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ప్రాణం తీసేదీ అంతే ఉంది, ప్రాణం పోసేదీ అంతే ఉంది.

మూడో నాడు కాలేయం నిలబడిందని చెప్పారు. తమ్ముడు నన్ను చూసి, "ఏందక్కా, నన్ను గూడ సరిజూసి దించుకున్నవా?" అన్నాడు.

"దించుకున్న. ఇంకోసారి రెండేసి మింగితే వాపసు పంపుత," అన్నాను.

ఇంటికొచ్చిన రోజు, నొప్పికి డాక్టరమ్మ మార్చి రాసిన కొత్త గోలీలు శోభ తెచ్చింది. షాపాయన్ను కత్తిరించనియ్యలేదట, షీటు మొత్తం ఉంది. తమ్ముడికి నీళ్ళ గ్లాసు ఇంకా అందించలేదు. గడపలో వెలుతురుకు కూర్చుని, పాత షీటు పక్కన కొత్త షీటు పెట్టి, ఒక్క అక్షరం రాని ఆ పిల్ల వేలితో పదకొండు గుర్తులనూ వెతుకుతోంది. ఇంటి మీద విమానం దిగుతోంది. తల ఎత్తలేదు.

"లేదు వదినా," అంది చివరికి. "గిండ్ల అది లేదు. నువ్వు గూడ ఒకసారి జూడు."

నేనూ వేలు పెట్టి చూశాను. లేదు. అప్పుడు గ్లాసు అందించింది.